పోటుకు దారి విడిచిన వంతెన

వంతెనలను పోల్చేటప్పుడు మనం ముందు వయసు చూస్తాం. ఆ లెక్కన లండన్ పాత రాతి వంతెన ముందు సూరత్‌లోని హోప్ వంతెన నిలవదు. మొదటిది థేమ్స్ మీద 1209లో పూర్తయి ఆరు శతాబ్దాలకు పైగా నగరాన్ని మోసింది. రెండోది 1877లో తాపీ నది మీద వేసిన ఇనుప వంతెన. అయినా నా ఓటు రెండోదానికే.

థేమ్స్, తాపీ రెండూ సముద్రపు పోటు ఎదురెక్కే నదులు. అలాంటి చోట రోజూ రెండు దిక్కుల నీటికీ వంతెన దారి ఇవ్వాలి. లండన్‌లో 1176లో పని మొదలుపెట్టిన పీటర్ అనే మతాచార్యుడు రాతి దిమ్మెల చుట్టూ కర్రగుంజలు పాతి, మధ్యలో రాళ్లు నింపి రక్షణ కట్టాడు. ఆ కట్టలే నదిని ఇరుకు చేశాయి. ఇరుకు ఖానాల్లో నీటి వేగం పెరిగి అడుగు కోసుకుపోయేది. కోతను ఆపడానికి ఇంకా రాళ్లు పోసేవాళ్లు. దారి ఇంకా ఇరుకయ్యేది. ఆటు వేళ వంతెనకు రెండు వైపులా నీటిమట్టం ఆరడుగుల దాకా తేడా ఉండేదట! 1759లో రెండు కమాన్ల చోట ఒకే పెద్ద కమాను కడితే, నీరంతా అటే ఉరికి దిమ్మెల కింద తవ్వేసింది. ఇంజనీరు స్మీటన్‌ను పిలిపిస్తే, కూల్చి అమ్మేసిన నగర ద్వారాల రాళ్లను తిరిగి కొని ఏట్లో పోయించాడు.

తప్పు రాయిది కాదు. హైదరాబాద్ పురానాపూల్ 1578 నాటి రాతి కమాన్ల వంతెనే. 1908 మూసీ వరదను తట్టుకుంది. కానీ మూసీకి పోటు లేదు.

తాపీకి ఉంది. పైగా అడుగున లోతైన ఇసుక, ఒండ్రు. ఇనుప దూలం కమాను కంటే ఎక్కువ దూరం చాపుకోగలదు కనుక నీళ్లలో స్తంభాలు తక్కువ చాలు. రాతి కమాన్ల గాంభీర్యం దానికి లేదు, ఒప్పుకుంటాను. కానీ వరద దిగే వేళకు పోటు ఎదురైతే సూరత్‌కు ఏమవుతుందో 2006 ఆగస్టులో ఇళ్లు మునిగిన జనానికి తెలుసు. మగ్గాల పనికి వెళ్లి అక్కడే స్థిరపడ్డ మన పద్మశాలీలకూ తెలుసు. అలాంటి నదికి అడ్డం తగ్గించడమే మంచి రూపకల్పన.

ఆ పాఠాన్ని సూరత్ నిలుపుకోలేదు. తాగునీటి కోసం 1995లో ఎగువన సింగణ్‌పోర్ దగ్గర ఆనకట్ట కట్టింది. మంచినీళ్లు నిలిచాయి, పోటు అక్కడే ఆగింది. నది మాత్రం మేట వేయడం మొదలుపెట్టింది.