'ది ఆక్టోపస్' నవల: రైలు, గోధుమ, కనిపించని కార్మిక సంఘం

వ్యాససంగ్రహం:
ఫ్రాంక్ నారిస్ 1901లో ప్రచురించిన 'ది ఆక్టోపస్' అమెరికా పారిశ్రామికీకరణను, ప్రత్యేకించి రైల్వే గుత్తాధిపత్యాన్ని చిత్రించిన ప్రసిద్ధ నవల. రైల్వేకూ రైతులకూ మధ్య పోరాటమే దాని ఇతివృత్తమని విమర్శకులు సాధారణంగా చెబుతారు. ఆ రైల్వేను నడిపిన కార్మికుల సంఘటిత శక్తికి నవలలో చోటు దక్కకపోవడం యాదృచ్ఛికం కాదనీ, నవల చివర ప్రతిపాదించిన 'శక్తుల' సిద్ధాంతం నిలబడడానికి ఆ లోపం అవసరమైందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఫ్రాంక్ నారిస్, సహజవాదం, రైల్వే గుత్తాధిపత్యం, పుల్‌మన్ సమ్మె, కార్మిక సంఘం, కరువు.

1. ఉపోద్ఘాతం

1880 మే 11న కాలిఫోర్నియాలోని హాన్‌ఫర్డ్ పట్టణ సమీపంలో, మసల్ స్లూ అనే ప్రాంతంలో కాల్పులు జరిగి ఏడుగురు మరణించారు. ప్రభుత్వం నుంచి దానంగా పొందిన భూములను సదరన్ పసిఫిక్ రైల్వే ఎకరా 2.50 డాలర్ల నుంచి అమ్ముతామని ప్రచారం చేసి రైతులను రప్పించింది. వారు కాలువలు తవ్వి నేలను సాగులోకి తెచ్చిన తరువాత ధరను అనేక రెట్లు పెంచింది. ఆ వివాదం కోర్టుల్లో తేలక తుపాకుల దాకా వచ్చింది. రెండు దశాబ్దాల తరువాత నారిస్ ఈ సంఘటననే తన నవలకు కేంద్రంగా చేసుకున్నాడు. రైల్వేను ఆక్టోపస్‌గా ఊహించడం అతనితో మొదలు కాలేదు. 1882లోనే 'ది వాస్ప్' పత్రికలో జి. ఫ్రెడరిక్ కెల్లర్ వేసిన వ్యంగ్యచిత్రం ఆ పోలికను కాలిఫోర్నియా ప్రజల కళ్లముందు నిలిపింది.

గోధుమ పండడం, అమ్ముడవడం, తినబడడం అనే మూడు దశలను మూడు నవలలుగా రాయాలని నారిస్ సంకల్పించాడు. రెండవదైన 'ది పిట్' అతని మరణానంతరం 1903లో వెలువడింది. మూడవది రాయకుండానే 1902లో, ముప్పై రెండేళ్ల వయసులో కన్నుమూశాడు. అతని గురుస్థానం ఎమిల్ జోలాది. జోలా 'జెర్మినల్' నవలకు గని కార్మికుల సమ్మె ప్రాణం. శిష్యుడు గురువు నుంచి విస్తృతిని, జనసమూహాల చిత్రణను, యంత్రాన్ని జీవిగా చూపే పద్ధతిని తీసుకున్నాడు. సమ్మెను మాత్రం తీసుకోలేదు. ఈ ఎంపిక పర్యవసానాలు నవల అంతటా కనిపిస్తాయి.

2. డైక్: సమ్మెకు దూరంగా నిలిచిన డ్రైవర్

నవలలో రైల్వే కార్మికవర్గానికి ప్రతినిధి అనదగిన ప్రధానపాత్ర ఒక్కటే: ఇంజన్ డ్రైవర్ డైక్. పసిఫిక్ అండ్ సౌత్‌వెస్టర్న్ అని నారిస్ పేరు పెట్టిన కంపెనీలో పదేళ్లు పనిచేసిన మనిషి. వృద్ధురాలైన తల్లి, చిన్న కూతురు సిడ్నీ అతని లోకం. తగ్గించిన వేతనానికి అంగీకరించక ఉద్యోగం పోగొట్టుకున్న స్థితిలో పాఠకుడికి తొలిసారి ఎదురవుతాడు. ఆ సందర్భంలో అతడు వెళ్లబోసుకునే బాధ గమనార్హం. పెద్ద సమ్మె వచ్చినప్పుడు తాను కంపెనీ పక్షాన నిలిచాననీ, శాక్రమెంటోలో ఏ కల్వర్టు కింద మందుపాతర ఉందో తెలియకపోయినా రెండు చేతులా తుపాకులు పట్టి బండి నడిపాననీ, అప్పట్లో తనకు బంగారు గడియారం బహూకరిస్తారన్న మాట కూడా వినిపించిందనీ చెప్పుకుంటాడు.

అమెరికా రైల్వే చరిత్రలోనే అతి పెద్ద సమ్మెల్లో ఒకటి ఈ బృహన్నవలలోకి ప్రవేశించిన ద్వారం ఇదే: సమ్మెలో చేరని ఒక మనిషి ఫిర్యాదు. సమ్మె చేసినవారి గొంతు ఏ పుటలోనూ దానికి దీటుగా వినిపించదు. డైక్ నిష్ఠకు ప్రతిఫలం దక్కలేదన్న వ్యంగ్యాన్ని నారిస్ చక్కగా పట్టుకున్నాడు. అయితే ఆ వ్యంగ్యం లేవనెత్తే తదుపరి ప్రశ్నను, అంటే ఆనాడు అతడు తోటివారితో కలిసి నిలబడి ఉంటే ఏమై ఉండేదన్న ప్రశ్నను, ఏ పాత్ర చేతా అడిగించలేదు.

తరువాతి కథ తెలిసిందే. డైక్ ఇంటిని తాకట్టు పెట్టి, బీరు తయారీలో వాడే హాప్స్ పంట వేస్తాడు. పౌనుకు రెండు సెంట్లున్న రవాణా ధర పంట చేతికొచ్చేసరికి ఐదు సెంట్లవుతుంది. ఏ నియమం ప్రకారం పెంచారని అడిగితే, సరుకు ఎంత భరించగలిగితే అంత అని కంపెనీ ఏజెంటు ఎస్. బెర్మన్ జవాబిస్తాడు. డైక్ రైలును దోచుకుంటాడు, ఒక బ్రేక్స్‌మన్ ప్రాణం పోతుంది, చివరకు యావజ్జీవ శిక్ష పడుతుంది. ఇంజన్ మీద అతడు పారిపోయే ఘట్టం నవలలోని అత్యుత్తమ రచనాభాగాల్లో ఒకటి. పాఠకుడి ఊపిరి డైక్‌తోనే పరుగెత్తుతుంది. చనిపోయిన బ్రేక్స్‌మన్ కూడా రైల్వే కార్మికుడే అన్న సంగతి ఆ వేగంలో జారిపోతుంది. ఒక కార్మికుడి తిరుగుబాటుకు మరో కార్మికుడు బలి కావడంలోని విషాదాన్ని నవల దాదాపు పట్టించుకోదు.

నవలలో తిరుగుబాటుకు సిద్ధాంతం చెప్పేవాడు సారాదుకాణం నడిపే కారహర్. భార్య ముఖం గుర్రపు డెక్క కింద నలిగిపోయిన జ్ఞాపకంతో రగిలే అరాచకవాది. అతని మాటల ప్రభావంతో కవి ప్రెస్లీ బెర్మన్ ఇంటిపై బాంబు విసురుతాడు. బెర్మన్‌కు ఏమీ కాదు. ఒంటరి దోపిడీ, ఒంటరి బాంబు: కింది నుంచి వచ్చే ప్రతిఘటనకు నారిస్ ఊహలో ఉన్న రూపాలు ఈ రెండే. రైతులు లీగుగా ఏర్పడతారు గాని అది ఆస్తిపరుల కూటమి, పైగా దాని నాయకుడు మాగ్నస్ డెరిక్ లంచంతోనే పని మొదలుపెట్టి నైతికంగా కూలిపోతాడు.

3. 1894: నవల వదిలివేసిన శాక్రమెంటో

డైక్ ప్రస్తావించిన సమ్మె పుల్‌మన్ సమ్మె అని గుర్తించడం కష్టం కాదు. నిద్రబోగీలు తయారుచేసే పుల్‌మన్ కంపెనీ 1893 ఆర్థిక సంక్షోభంలో వేతనాలను బాగా కోసి, తన సొంత పట్టణంలో కార్మికుల నుంచి వసూలు చేసే ఇంటి అద్దెలను మాత్రం తగ్గించలేదు. 1894 మే 11న సమ్మె మొదలైంది. మసల్ స్లూ కాల్పులకు సరిగ్గా పద్నాలుగేళ్లు నిండిన రోజది; కాకతాళీయమే అయినా నవలాకారుడికి కథావస్తువు కాగల కాకతాళీయం. యూజీన్ డెబ్స్ నాయకత్వంలోని అమెరికన్ రైల్వే యూనియన్ జూన్ 26 నుంచి పుల్‌మన్ బోగీలున్న రైళ్లను నడపడానికి నిరాకరించింది.

ఈ యూనియన్ స్వభావం తెలియనిదే డైక్ పాత్ర అర్థం కాదు. అంతకుముందు రైల్వేలో డ్రైవర్లకు, ఫైర్‌మన్లకు, కండక్టర్లకు వేర్వేరు సోదరసంఘాలుండేవి. డ్రైవర్ల సంఘం 1863 నాటిది. వృత్తిగౌరవం మెండు, ఇతరులతో కలవడం తక్కువ. 1877 జూలైలో వేతనాల కోతకు వ్యతిరేకంగా మార్టిన్స్‌బర్గ్‌లో మొదలై దేశమంతా వ్యాపించిన సమ్మెలో దాదాపు వందమంది మరణించినా ఈ విభజన పోలేదు. డెబ్స్ 1893లో స్థాపించిన యూనియన్ స్విచ్‌మన్ నుంచి డ్రైవర్ వరకు అందరినీ ఒకే గొడుగు కిందకు తెచ్చి, ఏడాదిలోనే సుమారు 1,50,000 మంది సభ్యులను కూడగట్టింది. డ్రైవర్ల పాత సంఘం నాయకత్వం 1894 బహిష్కరణను వ్యతిరేకించింది. కాబట్టి డైక్ వైఖరి చరిత్రకు విరుద్ధం కాదు. అది ఒక వర్గపు వాస్తవం. దానినే మొత్తం కార్మికుల వాస్తవంగా నిలపడంలో దోషముంది.

శాక్రమెంటోలో జరిగింది మరింత ఆసక్తికరం. జూలై 4న స్టేషన్‌ను స్వాధీనం చేసుకోవడానికి పంపిన రాష్ట్ర మిలీషియా సమ్మెకారులపై ఆయుధం ఎత్తడానికి నిరాకరించింది. జూలై 11న నగర సమీపంలో వంతెన దెబ్బతిని రైలు పడిపోగా డ్రైవరు, కొందరు సైనికులు మరణించారు. డైక్ మాటల్లోని కల్వర్టు భయానికి మూలం ఇక్కడుండవచ్చు. అది పండ్లు కోతకొచ్చే కాలం. సరుకు నిలిచిపోయి నష్టం వస్తున్నా, సదరన్ పసిఫిక్‌పై ఏళ్ల తరబడి పేరుకున్న కోపం వల్ల కాలిఫోర్నియా చిన్న వ్యాపారులలో, రైతులలో చాలామంది సమ్మెకారుల పట్ల సానుభూతి చూపారు. రైల్వే బాధితుడైన రైతూ రైల్వే కార్మికుడూ ఒకే పక్షాన నిలిచిన అరుదైన ఘడియ అది. నారిస్ తన ఇతివృత్తానికి ఇంతకంటే సమీపమైన సంఘటనను కోరుకోలేడు. అయినా అతని రైతులు ఒకవైపు, డైక్ మరోవైపు విడివిడిగా నాశనమవుతారు.

యూనియన్‌ను ఆదర్శీకరించడమూ సరికాదు. 1894 జూన్ మహాసభలో నల్లజాతి కార్మికులకు సభ్యత్వం ఇవ్వరాదని స్వల్ప ఆధిక్యంతో తీర్మానించింది. తన పోరాటాన్ని తానే కుదించుకుంది. చైనా కార్మికుల స్మృతికి అటు సంఘాలలోనూ ఇటు నవలలోనూ చోటు లేదు. సియెరా పర్వతాలలో సొరంగాలు తొలిచి 1869 నాటి ఖండాంతర మార్గాన్ని సాధ్యం చేసింది వారే. 1867 జూన్‌లో తెల్లవారితో సమాన వేతనం కోరి వేలాదిగా సమ్మె చేస్తే, ఛార్లెస్ క్రాకర్ ఆహార సరఫరా నిలిపివేయించి దాన్ని అణచాడు. నారిస్ నవలలో చైనీయులు వంటవాళ్లుగా కనిపిస్తారు. ఆ పట్టాలను ఎవరు వేశారన్న స్పృహ కథనానికి లేదు.

4. షెల్‌గ్రిమ్ గది

నవల తాత్త్వికంగా మలుపు తిరిగేది కంపెనీ అధ్యక్షుడు షెల్‌గ్రిమ్‌ను ప్రెస్లీ కలిసే సన్నివేశంలో. సదరన్ పసిఫిక్ అధిపతి కాలిస్ హంటింగ్టన్ ఛాయలు ఈ పాత్రలో స్పష్టం. గోధుమ తనంతట తాను పెరుగుతుంది, రైలు తనంతట తాను విస్తరిస్తుంది, ఇందులో మనుషుల ప్రమేయం లేదు, ఉన్నవి శక్తులు, పరిస్థితులే అని షెల్‌గ్రిమ్ బోధిస్తాడు. ప్రెస్లీ నిరుత్తరుడై బయటకు వస్తాడు. తదుపరి విమర్శ అంతా ఈ మాటల చుట్టూ తిరిగింది. ఇవి నారిస్ మాటలా, షెల్‌గ్రిమ్ కపటమా అన్నది ఇప్పటికీ చర్చనీయాంశమే. బర్క్‌లీలో నారిస్ విన్న జోసెఫ్ లకాంట్ ఉపన్యాసాల పరిణామవాద ఆస్తికతను నవలకు పునాదిగా చూపిన డోనాల్డ్ పైజర్ విశ్లేషణ ఈ చర్చలో ముఖ్యమైనది.

కానీ అదే సన్నివేశం మొదట్లో జరిగే చిన్న సంఘటన ఈ సిద్ధాంతానికి గండి కొడుతుంది. టెంటెల్ అనే గుమాస్తా తాగి విధులకు రావడం లేదని ఒక అధికారి ఫిర్యాదు చేసి తొలగింపుకు అనుమతి కోరతాడు. అతనికి కుటుంబముందని గుర్తుచేసుకున్న షెల్‌గ్రిమ్, తొలగించడానికి బదులు జీతం పెంచమంటాడు. అధ్యక్షుడి మానవత్వాన్ని చూపడానికే నారిస్ దీన్ని ఉద్దేశించి ఉంటాడు, ప్రెస్లీ కూడా అలాగే గ్రహిస్తాడు. అయితే ఒక్క మాటతో ఒకరి జీతం పెంచగలిగినవాడికి డైక్ జీతం తగ్గించకుండా ఉండడమూ, హాప్స్ రవాణా ధరను రెండు సెంట్ల వద్దే ఉంచడమూ సాధ్యమే. దయ చూపేటప్పుడు మనిషి, దోచేటప్పుడు శక్తి! ఈ వైరుధ్యాన్ని ప్రెస్లీ గమనించడు. యూనియన్‌లో పనిచేసిన ఏ స్విచ్‌మన్ అయినా క్షణంలో గమనించేవాడు, ఎందుకంటే వేతనాన్ని ఎవరో ఒకరు ఒక గదిలో కూర్చుని నిర్ణయిస్తారన్న ఎరుకతోనే సంఘం పుడుతుంది.

చరిత్ర కూడా అదే చెబుతుంది. 1894లో డెబ్స్‌ను ఎదుర్కొన్నది అమూర్త శక్తి కాదు. షికాగో కేంద్రంగా ఇరవై నాలుగు రైల్వేల యాజమాన్యాలు ఏర్పరచుకున్న జనరల్ మేనేజర్ల సంఘం సమ్మెకు వ్యతిరేకంగా వ్యూహం పన్నింది. అంతకుముందు రైల్వేల తరఫున న్యాయవాదిగా ఉన్న రిచర్డ్ ఓల్నీ అప్పటి అటార్నీ జనరల్. జూలై 2న కోర్టు నిషేధాజ్ఞ వచ్చింది. ఇల్లినాయ్ గవర్నర్ ఆల్ట్‌గెల్డ్ అభ్యంతరం చెప్పినా అధ్యక్షుడు క్లీవ్‌లాండ్ షికాగోకు సైన్యాన్ని పంపాడు. డెబ్స్‌కు ఆరు నెలల జైలు పడింది, 1895లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ప్రతి దశలోనూ సంతకం చేసినవాడికి ఒక పేరుంది. సమ్మె నవలలోకి నేరుగా వచ్చి ఉంటే ఈ పేర్లన్నీ వచ్చేవి. పేర్లు వస్తే షెల్‌గ్రిమ్ వేదాంతం ఒక అధ్యాయం కూడా నిలవదు.

5. గోధుమ ఓడ

ముగింపులో నారిస్ వెతుక్కున్న ఓదార్పు భారతదేశానికి సంబంధించినది కావడం ఇక్కడి పాఠకులు ప్రత్యేకంగా పరిశీలించవలసిన విషయం. వ్యక్తులు నశించారు, గోధుమ మిగిలింది, అది భారతదేశపు బీడుభూముల్లో అస్థిపంజరాలైన వేలమందిని బతికిస్తుంది అన్న భావనతో నవల ముగుస్తుంది. స్వాన్‌హిల్డా అనే ఓడ ఆ కరువు గోధుమను మోసుకెళ్తుంది. 1899-1900 నాటి కరువు పశ్చిమ, మధ్య భారతాలను పీడించిన నేపథ్యం దీని వెనుక ఉంది.

కరువు అంటే ధాన్యం లేకపోవడమే అన్న అమాయకత్వం ఈ ముగింపులో ఉంది. రాయలసీమ జిల్లాలను కబళించిన 1876-78 ధాత కరువు రోజుల్లోనూ ఈ దేశం నుంచి ధాన్యం ఎగుమతి ఆగలేదు. ధాన్యాన్ని తెచ్చిన రైలే ధర పలికే చోటికి తీసుకుపోయేది కూడా. రమేశ్ చంద్ర దత్ 1900లో కర్జన్‌కు రాసిన బహిరంగ లేఖలు కరువు మూలాలను భూమిశిస్తులో చూపాయి. అంటే హాప్స్ రైతు డైక్‌ను కూల్చిన తర్కమే, పేర్లు మారి, కరువు రైతునూ కూల్చింది. నారిస్ ఈ పోలికకు ఎంతో దగ్గరగా వచ్చాడు. కరువు ఓడ గురించి సంపన్నులు విందులో ముచ్చటించుకుంటుండగా, కాల్పుల్లో చనిపోయిన రైతు హూవెన్ భార్య అదే శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో ఆకలితో ప్రాణాలు విడిచే ఘట్టాన్ని అతడు పక్కపక్కనే నడిపాడు. గోధుమ సీమలోనే ఆకలిచావు సంభవమైతే, గోధుమ ఓడ ఇంకొక దేశంలో దానంతటదే ఎలా ప్రాణం పోస్తుంది? తాను సృష్టించిన సాక్ష్యాన్ని తానే మరచి నవలాకారుడు ముగింపు రాశాడు. భారతీయులు అతనికి ఆకలిగొన్న సమూహం మాత్రమే. 1899లోనే గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే సిగ్నలర్లు సమ్మె చేశారన్న వాస్తవం ఆ చిత్రంలో ఇమడదు.

బెర్మన్ మరణం ఆ ఓడలోనే సంభవిస్తుంది. సంచుల ఖర్చు మిగుల్చుకోవడానికి అతడు గోధుమను విడిగా, గొట్టం ద్వారా నేరుగా ఓడ అడుగుభాగంలోకి పోయిస్తాడు. చూడడానికి వచ్చి కాలుజారి ఆ చీకట్లో పడతాడు. పైనుంచి గోధుమ ధారగా కురుస్తూనే ఉంటుంది, అతడు అరుస్తాడు, మోకాళ్లు, నడుము, గొంతు మునుగుతాయి. ప్రకృతి తీర్చిన న్యాయంగా ఈ ఘట్టాన్ని చదవడం ఆనవాయితీ. అయితే నారిస్ వర్ణనలో మరొక వివరముంది: ఆ గోధుమ కదలిక వెనుక మనిషి చెయ్యేదీ కనిపించదు. బస్తాలు మోసే కూలీలు అక్కడ లేరు, ఆ కేకలు విని గొట్టం మూయగలిగినవారు ఒక్కరూ లేరు.