ఆదరణను కొలిచే భాష: ఆసుపత్రి సిబ్బంది ప్రశ్నావళులపై గురజాడ దృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: ఆసుపత్రి సిబ్బంది మధ్య ఉండే పరస్పర ఆదరణను కొలిచే ప్రశ్నావళులు తెలుగులోకి వచ్చినప్పుడు నిజానికి వేటిని కొలుస్తున్నాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. గురజాడ భాషావాదం, ‘కన్యాశుల్కం’లోని పాత్రచిత్రణ ఈ పరిశీలనకు ఆధారాలు.

కీలకపదాలు: ఆదరణ, పని సంస్కృతి, ప్రశ్నావళి, అనువాదం, గురజాడ, ఎస్. రాయవరం.

ప్రవేశిక

మనిషి పట్ల మనిషి చూపే ఆదరణను అంకెల్లో చెప్పవచ్చునన్న నమ్మకం వైద్యరంగంలో కొత్తది కాదు. జీన్ వాట్సన్ 1979లో ఆదరణను నర్సింగ్ వృత్తికి తాత్త్విక పునాదిగా ప్రతిపాదించారు. తరువాతి దశాబ్దాలలో ఆ భావన చుట్టూ అనేక కొలమానాలు పుట్టాయి. 1981లో మాస్లాక్, జాక్సన్ వృత్తిపరమైన అలసటకు కొలమానం రూపొందించారు. సిబ్బంది రోగిని ఎలా చూస్తున్నారన్న ప్రశ్న క్రమంగా సిబ్బంది ఒకరినొకరు ఎలా చూసుకుంటున్నారన్న ప్రశ్నకు దారితీసింది. ఈ విషయంలో ఎక్కువగా ప్రస్తావనకు వచ్చే అధ్యయనం బార్సేడ్, ఓనీల్ 2014లో ప్రచురించినది. అమెరికాలోని ఒక దీర్ఘకాలిక సంరక్షణ సంస్థలో 185 మంది ఉద్యోగులు, 108 మంది రోగులు, 42 మంది రోగుల బంధువులతో 16 నెలల వ్యవధిలో వారు ఈ పరిశీలన జరిపారు. ఆత్మీయత ఎక్కువగా ఉన్న విభాగాలలో ఉద్యోగుల అలసట, గైర్హాజరు తక్కువగా ఉన్నట్లు వారు గుర్తించారు. ఉద్యోగులు తమ గురించి తాము చెప్పిన మాటలతోనే వారు సరిపెట్టుకోలేదు, బయటి పరిశీలకుల అంచనాలనూ తీసుకున్నారు. తెలుగునాట ప్రశ్నావళి పంచి, తిరిగి తీసుకుని, సగటు కట్టే పరిశోధనలు ఈ జాగ్రత్తను సులువుగా వదిలేస్తాయి.

మనదేశంలో జాతీయ నాణ్యతా హామీ ప్రమాణాలు రోగుల సంతృప్తితోపాటు ఉద్యోగుల సంతృప్తిని కూడా లెక్కలోకి తీసుకుంటాయి. ఇది మంచిదే. కానీ సంతృప్తి, ఆదరణ ఒకటి కావు. జీతం సకాలంలో అందే చోట పక్కవాడి కష్టం ఎవరికీ పట్టకపోవచ్చు.

ఏ మాటతో అడగాలి?

ఆంగ్లంలో ‘కేర్’ అన్న ఒక్క మాట మోసే భారాన్ని తెలుగులో ఏ ఒక్క మాటా మోయదు. ‘సంరక్షణ’ కాగితాల మాట. పిల్లలకూ అడవులకూ ఆస్తులకూ అది సమానంగా వర్తిస్తుంది. ‘శ్రద్ధ’ పని మీద చూపేది. ‘ఆదరణ’లో ఇచ్చేవాడు ఒక మెట్టు పైన ఉంటాడు. ‘కనికరం’లో ఆ మెట్టు మరింత ఎత్తు. ఈ వ్యాసం శీర్షికలోని మాట కూడా ఆ దోషానికి అతీతం కాదు. వాడుకలో ఈ భావానికి దగ్గరగా ఉన్నవి నామవాచకాలు కాదు, క్రియలు: పట్టించుకోవడం, కనిపెట్టుకొని ఉండడం, చేదోడుగా నిలవడం. వీటిలో మొదటిది ఎక్కువగా వ్యతిరేకార్థంలోనే వినబడుతుంది. ఎవరైనా పట్టించుకున్నప్పుడు జనం దాన్ని ప్రత్యేకంగా చెప్పరు, పట్టించుకోనప్పుడే చెబుతారు. అందుచేత ‘ఇక్కడ ఒకరినొకరు ఆదరించుకుంటారు’ అన్న వాక్యానికి వచ్చే మార్కులకన్నా, ‘ఒంట్లో బాగోలేదని చెప్పినా పట్టించుకోరు’ అన్న వాక్యానికి వచ్చే మౌనమే ఎక్కువ సమాచారం ఇవ్వవచ్చు.

‘పూర్తిగా ఏకీభవిస్తున్నాను’ అన్న గడి సంగతి సరేసరి. ఆ మాటను నోటితో అనే ఆయా గానీ ఆశా కార్యకర్త గానీ తెలుగునేలపై ఉన్నారా? తెలుగులోకి, మళ్ళీ ఆంగ్లంలోకి మార్చి రెండూ సరిపోయాయని చూసే పద్ధతికి ఈ వాక్యం నిస్సంకోచంగా నిలుస్తుంది. అర్థం చెడలేదు గనుక అనువాదం సరైనదే. మాట్లాడే మనిషి మాత్రం అందులో లేడు. ఇప్పటి అనకాపల్లి జిల్లాలోని ఎస్. రాయవరంలో 1862లో జన్మించిన గురజాడ అప్పారావు 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి సమర్పించిన అసమ్మతి పత్రంలో తేల్చదలచుకున్న వివాదం పాఠ్యభాష గురించే అయినా, దాని వెనుక ఉన్న ప్రశ్న ఇక్కడికీ వర్తిస్తుంది: రాసే భాష ఎవరి నోటిది?

సంబోధన మరో చిక్కు. ఆసుపత్రిలో ‘సిస్టర్’ అన్నది బంధువాచకం నుంచి హోదాగా మారిన పిలుపు. ‘ఆయమ్మ’లో అమ్మ ఉంది, కానీ ఆమెతో మాట్లాడేది చాలాసార్లు ‘నువ్వు’తోనే. అది చనువా, చిన్నచూపా? పిలిచే వ్యక్తి వయసు, గొంతు, సందర్భం తెలియకుండా నిర్ణయించలేం. అయిదు గడుల కొలమానం దీన్ని చనువుగానే నమోదు చేసుకుంటుంది.

గిరీశానికి ఎన్ని మార్కులు?

‘కన్యాశుల్కం’లో (1897, విస్తృతరూపం 1909) మాటల్లో వెచ్చదనం ఎవరిదని వెతికితే ముందు దొరికేది గిరీశమే. బుచ్చమ్మ దుఃఖం గురించి అతడు మాట్లాడినంత తియ్యగా ఆ ఇంట్లో మరెవరూ మాట్లాడరు. మధురవాణి మాట ఎగతాళి, ఎత్తిపొడుపు. అయినా సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లు పెళ్ళి నుంచి తప్పించే ఎత్తులో నిలిచి పనిచేసింది ఆమె. వారి చుట్టూ ఉన్నవారికి ‘ఇతరుల బాధను అర్థం చేసుకుంటారు’ అన్న ప్రశ్న ఇస్తే గిరీశం గెలుస్తాడు. నాటకం ఆ ఫలితాన్ని తిరగేస్తుంది. మాటను వినమంటుంది, పనిని చూడమంటుంది.

సౌజన్యారావు పంతులు ఉదాహరణ ఇంకా సున్నితమైనది. అతని సౌజన్యం నటన కాదు. కానీ వేశ్య అన్న వర్గం ఎదుట అది ఆగిపోతుంది. మధురవాణి అతని దగ్గరకు మారువేషంలో రావలసి వస్తుంది. ఆసుపత్రి అధ్యయనాలలో ఈ గీత నమూనా ఎంపికలోనే కనబడే ప్రమాదం ఉంది. రెగ్యులర్ సిబ్బందిని మాత్రమే లెక్కించి, ఔట్‌సోర్సింగ్‌లో పనిచేసే పారిశుద్ధ్య కార్మికులను ‘సంస్థ ఉద్యోగులు కారు’ అని వదిలిపెడితే, వచ్చే సగటు ఎంత ఎక్కువగా ఉన్నా అది గీతకు ఇవతలి సౌజన్యమే. ‘నా సహోద్యోగులు’ అన్న మాట చదివినప్పుడు స్టాఫ్ నర్సు మనసులో మెదిలేవారిలో వార్డు తుడిచే మనిషి ఉన్నదా అన్నది ముందు అడగవలసిన ప్రశ్న.

కొలత ఎక్కడ మొదలవ్వాలి?

కొలమానం వద్దనడం సులువు. అలా అంటే అలసిపోయిన నర్సు ఫిర్యాదుకు ఆధారమే లేకుండా పోతుంది. సంఖ్య లేని బాధను కార్యాలయాలు బాధగా గుర్తించవు. అందుచేత కొలత ఉండాలి, దాని ఆకరాలు మారాలి. 1954లో ఫ్లానగన్ వివరించిన కీలక సంఘటనల పద్ధతి తెలుగు సిబ్బందికి ఎక్కువ అనుకూలం. ‘నీకు చేతకాని రోజున నీ డ్యూటీ ఎవరు చేశారు, ఎవరు అడిగితే చేశారు?’ అన్నప్పుడు సమాధానం కథగా వస్తుంది, అందులో క్రియలు ఉంటాయి, సంబోధనలు ఉంటాయి. దానికి తోడు డ్యూటీ చార్టు చదవాలి. రాత్రి డ్యూటీలు ఎవరి మీద పడుతున్నాయి, పండుగ సెలవు ఎవరికి దక్కుతోంది, మార్పిడి అడిగినది ఎవరు, ఒప్పుకున్నది ఎవరు అన్నవి అందులో ఉంటాయి.

గ్రామీణ కేంద్రాలలో మరొక అడ్డంకి ఉంది. ఒక్క ఫార్మసిస్టు, ఒక్క ల్యాబ్ టెక్నీషియన్ ఉన్న చోట పేరు రాయవద్దని చెప్పి హోదా గడి నింపమంటే పేరు రాసినట్లే. ఆ కాగితం పై అధికారి బల్ల మీదుగా వెళుతుందని తెలిసినవారు నాలుగో గడికో అయిదో గడికో టిక్కు పెడతారు. ఇటువంటి కేంద్రాలలో హోదా, వయసు, అనుభవం గడులను తొలగించి, కొన్ని మండలాల ప్రతులను ఒకటిగా కలిపాకనే తెరవాలి. దీనివల్ల ఏ కేంద్రానికి ఎన్ని మార్కులన్న పట్టిక తయారు కాదు.