బండి వచ్చేలోపు

ఏప్రిల్ మధ్యాహ్నం. యాసంగి కోతలు సగానికి పైగా అయిపోయి ఉంటాయి. కొట్టం పక్కన కొత్త గడ్డివాము, దాని మీదుగా కిందికి వేలాడుతున్న కరెంటు తీగ. మా మండలకేంద్రం ధర్పల్లికీ నిజామాబాద్‌కూ మధ్య దాదాపు 30 కిలోమీటర్లు. వాము అంటుకుందని ఫోన్ వెళ్లిన నిమిషానికే ఫైరింజన్ కదిలినా, ఊళ్లోకి వచ్చేసరికి అరగంట పడుతుంది. ఎండుగడ్డి అంతసేపు ఆగదు. మా పల్లెల్లో మంటలార్పే విద్య రెండు చేతుల పని. ఒక చెయ్యి ఊరిది, రెండోది ఫైర్‌మన్‌ది.

మొదటి మెళకువ ఫోన్‌లోనే ఉంది. 101కు గానీ 112కు గానీ చేసి ‘రామడుగులో మంటలు’ అంటే చాలదు. మా మండలంలో రామడుగు ఉంది, ఆ పేరుతో ప్రాజెక్టూ ఉంది. కరీంనగర్ జిల్లాలో రామడుగు పేరుతో ఏకంగా ఒక మండలమే ఉంది. కాబట్టి జిల్లా, మండలం, ఊరు, గుడో బడో ఒక గుర్తు చెప్పాలి. కాలుతున్నదేమిటో, లోపల మనుషులున్నారో లేదో చెప్పాలి. తర్వాత ఒకరిని బైకు మీద పెద్దరోడ్డుకు పంపితే బండికి దారి వెతుక్కునే పని తప్పుతుంది. పిలిస్తే డబ్బులు కట్టాలేమోనని వెనకాడేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆపదకు వచ్చే ఫైరింజన్‌కు పైసా కట్టనక్కర్లేదు.

బండిలో నీళ్లు ఎంతసేపు వస్తాయో చాలామందికి తెలియదు. మామూలు బండి తొట్టిలో పట్టేవి 4,500 లీటర్లు. పెద్ద నాజిల్ పెట్టి గట్టిగా కొడితే ఆరేడు నిమిషాల్లో అయిపోతాయి. అందుకే అనుభవమున్న లీడింగ్ ఫైర్‌మన్ బండి దిగుతూనే మంటను ఒకసారి, చుట్టుపక్కల నీటి జాడను ఇంకోసారి చూస్తాడు. చెరువు దగ్గర్లో ఉంటే, కొసకు జల్లెడ బిగించిన సక్షన్ పైపు దింపి తోడుకోవచ్చు. కానీ దానికో హద్దుంది. పంపు పైపులోని గాలిని తీసేస్తే, బయటి గాలి బరువే నీళ్లను పైకి నెడుతుంది. లెక్క ప్రకారం అలా ఎక్కే ఎత్తు 10 మీటర్లు. పనిలో మాత్రం 7 మీటర్లు దాటితే నమ్మకం లేదు. ఎండాకాలం మా వ్యవసాయ బావుల్లో నీళ్లు అంతకంటే లోతుకు దిగిపోతాయి. బావి కళ్లముందే ఉంటుంది, బండికి మాత్రం అందదు.

అప్పుడు దిక్కు బోరు మోటారు. అక్కడా ఒక చిక్కుంది. తీగ తెగి పడితే లైను ఆపాలి, లైను ఆపితే మోటారు ఆగుతుంది. ఏ ట్రాన్స్‌ఫార్మర్ ఆపాలో, దేన్ని ఉంచాలో లైన్‌మన్‌తో మాట్లాడి తేల్చే మనిషి ఊళ్లో ఒకరుండాలి. పల్లె ప్రగతిలో గ్రామపంచాయతీలకు ట్రాక్టర్లు, ట్యాంకర్లు వచ్చాయి. మొక్కలకు నీళ్లు పోయడానికి తెచ్చినవే అయినా, ఎండాకాలం నాలుగు నెలలూ ఆ ట్యాంకరును నింపి ఉంచాలని నేను గట్టిగా కోరతాను.

గడ్డివాము ఆర్పడం చూసేవాళ్లకు తేలికగా కనిపిస్తుంది. చేసేవాళ్లకు చాలా కష్టం. పైనుంచి ఎంత నీళ్లు కొట్టినా, చూరు మీది వానలా జారిపోతాయి. నిప్పు మాత్రం లోపల పాకుతూనే ఉంటుంది. పొగ తగ్గింది కదా అని వదిలేస్తే తెల్లారేసరికి మళ్లీ మంట లేస్తుంది. కొక్కేలతోనో జేసీబీతోనో వామును పొరలు పొరలుగా విప్పి, ప్రతి పొరనూ విడిగా తడపాలి. నీళ్లలో కొద్దిగా సబ్బు కలిస్తే గడ్డిలోకి బాగా దిగుతాయి. అంటుకున్న వాము ఎలాగూ చాలావరకు పోతుంది. అందుకే తెలిసిన ఫైర్‌మన్ మొదటి నీళ్లను గాలివాటున ఉన్న పక్క వాముకూ, కొట్టానికీ కొడతాడు. నష్టపోతున్న రైతుకు ఆ క్షణంలో అది అన్యాయంలా తోస్తుంది. చెయ్యాల్సిన పని మాత్రం అదే.

ఊరు చెయ్యగలిగినదీ అదే తీరు. ముందు బర్ల పలుపులు కోసి వదిలెయ్యాలి. ముడి విప్పుతూ కూర్చోకూడదు. పక్క ఇళ్లమీద తడి గోనెపట్టాలు పరచాలి. పొలంలో కొయ్యలు అంటుకుంటే, మంటకు ఎదురుగా, గాలివాటున చాలా ముందుకు పోయి, ట్రాక్టర్ కల్టివేటర్‌తో రెండు మూడు సాళ్లు వెడల్పుగా దున్నితే నల్లమట్టే అడ్డుగోడ అవుతుంది. గడ్డి లోడు తీగకు తగిలి ట్రాలీ అంటుకుంటే, డ్రైవరు దాన్ని ఇళ్లకు దూరంగా తోలి, హైడ్రాలిక్ లేపి లోడు కుమ్మరించి ముందుకు వెళ్లిపోవాలి. చాలా ఊళ్లలో డ్రైవర్లు ఈ పని ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నారు.

అడవి అంచున బతికేవాళ్లకు ఇంకో విద్య తెలుసు. ఇప్పపూలు ఏరేందుకు చెట్టు కింద ఆకులు కాల్చినప్పుడో, తునికాకు కాలంలోనో పాకే నేలమంటను పచ్చి రొట్టలతో ఆర్పుతారు. రొట్టను ఎత్తి బాదితే నిప్పురవ్వలు ఎగిరి వెనక పడతాయి. కాబట్టి అదిమి, కాలిన వైపుకు ఊడ్చాలి. నిలబడాల్సింది కూడా కాలిపోయిన నల్లనేల మీదే. అక్కడ మళ్లీ కాలడానికి ఏమీ మిగలదు. విదేశాల్లో అడవి మంటలార్పే దళాలకు నేర్పే మొదటి పాఠాల్లో ఇదొకటి. మన పెద్దలకు అది కాళ్ల కింది జ్ఞానం.

బోధన్ వైపు వెళితే మంట స్వభావం మారుతుంది. 1930ల చివర్లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చిన నేల అది. 2015లో మూతపడే దాకా చెరుకు పిప్పినే బాయిలర్లలో కాల్చారు. తడిపిప్పి పెద్ద కుప్పగా పడి ఉంటే లోపల సూక్ష్మజీవుల పనివల్ల వేడి పుట్టి, బయటికి పోలేక పేరుకుంటుంది. తడి ఆరకుండా కుప్పేసిన వరిగడ్డిలోనూ జరిగేది ఇదే. అగ్గిపుల్ల గీసిన చెయ్యి లేకుండానే మంట వస్తుంది. ఇక పంచదార ధూళి గాలిలో లేచినప్పుడు నిప్పు తగిలితే మందుపాతరలా పేలుతుంది. 2008లో అమెరికాలోని జార్జియాలో ఇంపీరియల్ షుగర్ ఫ్యాక్టరీ పేలి 14 మంది చనిపోయారు. చెరుకుతోట అంటుకుంటే రైతుకు రెండో దెబ్బ కూడా ఉంటుంది. కాలిన చెరుకు రోజుల్లోనే బరువు, తీపి పోగొట్టుకుంటుంది. బోధన్‌లో గానుగ ఆగిపోయాక దాన్ని దూరం మోయక తప్పదు.

ఫైర్‌మన్ రోజులో మంట కనిపించేది తక్కువసేపు. పొద్దున పరేడ్, పంపు పరీక్ష, నిచ్చెన కసరత్తు. వీపున కట్టుకునే గాలి సిలిండరు ఒత్తిడి చూసుకోవడం మరీ ముఖ్యం. లోపల గాలి తగ్గగానే ఈల మోగుతుంది. అది వినగానే బయటికి రావాలి, ఎంత పని మిగిలినా సరే. మనుషులను చంపేది ఎక్కువగా పొగే. బావిలో పడ్డ ఎద్దును తాళ్లేసి లేపడం, వాగులో చిక్కినవాళ్లను ఒడ్డుకు చేర్చడం, నీళ్లలో పోయినవాళ్లను వెతికి ఇంటివాళ్లకు అప్పగించడం కూడా వాళ్ల వాటాకే వస్తాయి. 2025 ఆగస్టు చివర కామారెడ్డి జిల్లాను ముంచిన వానను చూసిన ఈ ప్రాంతానికి ఆ పని విలువ వేరే చెప్పనక్కర్లేదు.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు. 1944లో అదే 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికీన్ నౌక పేలింది. పత్తిబేళ్లలో పుట్టిన నిప్పు, అదే ఓడలోని పేలుడు సామగ్రికి పాకింది. ఆర్పడానికి వెళ్లిన 66 మంది ఫైర్‌మన్లు తిరిగిరాలేదు. ఆ వారం మన కోతల రోజుల్లోనే వస్తుంది. పట్టణంలో బడి ముందు గ్యాస్ సిలిండరు మీద తడి గోనె కప్పి చూపించే ప్రదర్శనను, ఆ ఏడు రోజుల్లో ఒక్కపూట కల్లాల దగ్గరికి తెస్తే బాగుంటుంది. హార్వెస్టర్ డ్రైవర్లు, గడ్డికట్టల మిషన్‌వాళ్లు, లైన్‌మన్, పంచాయతీ ట్రాక్టర్ నడిపే అబ్బాయి, అందరూ అప్పుడు అక్కడే దొరుకుతారు.

చీకటి పడ్డాక బండి వెళ్లిపోతుంది. మంట వివరాలు రాసుకున్న కాగితం స్టేషన్‌కు చేరుతుంది. బీమాకైనా పరిహారానికైనా రేపు రైతుకు అదే ఆధారం. తొట్టి మళ్లీ నింపుతారు, బురద పట్టిన గొట్టాలు కడిగి ఆరేస్తారు. ఇక్కడ రైతు మాత్రం నిద్రపోడు. వెళ్తూ వెళ్తూ ఫైర్‌మన్ చెప్పినట్టు, మిగిలిన కుప్పలో ఇనుపచువ్వ గుచ్చి, కాసేపు ఉంచి, బయటికి తీసి వేళ్లతో తాకి చూస్తుంటాడు.