ఎండ్రకాయ కీలు

మైపాడు ఒడ్డుకి పడవలు తిరిగొచ్చేది తెల్లవారుజామున. బేరాలయ్యాక వల దులిపే పని మిగులుతుంది. ఆ పని పక్కన కూర్చోవడం నాకు చిన్నప్పటి అలవాటు. మొన్న ఊరికి వెళ్ళినప్పుడు కూడా కూర్చున్నాను. చిన్నాయన వలలో చిక్కిన ఎండ్రకాయని విడిపిస్తున్నాడు. కొన్ని జిల్లాలవాళ్ళు దీన్ని పీత అంటారు. వల దారం దాని ముందు కాలు ఒంటికి కలిసే సందులోకి దిగి బిగుసుకుపోయింది.

"డిప్ప మీద రాయేసి కొట్టినా ఒక పట్టాన పగలదబ్బయా. దారం మాత్రం ఈడ దిగింది చూడు" అంటూ ఆ కాలిని మెల్లిగా మడిచాడు.

నేను వంగి చూశాను. గట్టి పెంకు రెండు ముక్కలు కలిసేచోట పల్చటి పొర ఉంది. కాలు చాచినప్పుడు బయటికి కనబడుతుంది, ముడిచినప్పుడు పెంకు కిందికి జారిపోతుంది. చాచిన ఆ ఒక్క క్షణంలోనే దారం దూరింది.

నేను హైదరాబాదులో బొమ్మలు గీసి బతుకుతున్నాను. సినిమాలకీ గేములకీ యుద్ధ యంత్రాలు గీస్తాను. అరవై, డెబ్బై అడుగుల మరమనుషులు, వాటి కవచాలు, ఆయుధాలు. ఈ పనిలో చేరిన కొత్తలో గీసిన మొదటి యంత్రం నాకిప్పటికీ గుర్తుంది. అంగుళం ఖాళీ లేకుండా ఉక్కు తొడిగాను. భుజాల మీద పలకలు, పలకల మీద కొమ్ములు. ఆ బొమ్మకి కదలిక ఇవ్వాల్సిన సీనియర్ తెర మీద దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుంది తమ్ముడూ, చెయ్యెత్తమను" అన్నారు. ఎత్తితే భుజం పలక చెంపలోకి దిగిపోయింది. మోకాలు వంచితే తొడ పలక పిక్కని కోసేసింది. నేను గీసింది యంత్రాన్ని కాదు, గుడి ముందు ధ్వజస్తంభాన్ని.

అప్పటినుంచీ నేను పట్టుకున్న పద్ధతి ఒకటే. ముందు కీళ్ళు గీస్తాను. అవి ఎంత వంగాలో, ఎటు తిరగాలో తేలాక, మిగిలిన చోటే కవచానికి. ఆ తర్వాత అడిగే ప్రశ్న, దెబ్బ ఎటునుంచి వస్తుంది?

ఇది నేను కనిపెట్టిన సంగతేం కాదు. వ్యాసభారతం ద్రోణపర్వంలో ద్రోణుడు మంత్రం చదివి దుర్యోధనుడికి కవచం కడతాడు. అర్జునుడి బాణాలు దాన్ని తాకి రాలిపోతాయి. అప్పుడు అర్జునుడు కవచాన్ని వదిలేసి దుర్యోధనుడి అరచేతులు, గోళ్ళ సందులు చూసి కొడతాడు. విల్లు పట్టే చేతికి ఉక్కు తొడిగితే విల్లు పట్టడం కుదరదు. పని చేసే చోటే బోసిగా ఉండాలి, శత్రువు చూసేదీ ఆ చోటునే. ఈ పర్వాన్ని తెలుగు చేసిన తిక్కన మా నెల్లూరువాడు కాబట్టి ఈ కథ మీద నాకు కాస్త మమకారం ఎక్కువ.

మన నేల మీద నిజంగా నడిచిన మహా యుద్ధ యంత్రం ఏనుగు. కృష్ణదేవరాయలు గజపతుల చేతిలోని ఉదయగిరి దుర్గాన్ని ముట్టడించింది ఈ నెల్లూరు సీమలోనే. గజపతి అనే బిరుదులోనే ఏనుగుల బలం ఉంది. ఏనుగు కవచం ఎలా ఉండేదో చూడాలంటే మాత్రం ఇంగ్లండు వెళ్ళాలి. మద్రాసు గవర్నరు భార్య లేడీ క్లైవ్ 1801లో పట్టుకెళ్ళిన కవచం ఇప్పుడు లీడ్స్‌లోని రాయల్ ఆర్మరీస్ మ్యూజియంలో ఉంది. కొన్ని భాగాలు పోగా మిగిలినదే 118 కిలోలు, 5,840 ఇనుప పలకలు. పూర్తిగా ఉన్నప్పుడు 159 కిలోలు ఉండేదని లెక్క. మూడు నాలుగు టన్నుల జంతువుకి ఆ బరువు ఇరవయ్యో వంతుకి అటూ ఇటూగా మాత్రమే. అన్నీ చిన్న చిన్న పలకలే. వాటిని కలిపింది ఇనుప కడియాల అల్లిక. ఏనుగు అడుగేస్తే ఆ అల్లిక సాగి, మళ్ళీ సర్దుకుంటుంది. నాలుగు పెద్ద రేకులు కొట్టి తగిలించడం వాళ్ళకి చేతకాక కాదు. ఏనుగు నడవాలి, అందుకని.

ఇప్పటి ట్యాంకుదీ ఇదే లెక్క. అర్జున్ ట్యాంకు కవచం పేరు కంచన్. హైదరాబాదు కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనశాలలో పుట్టింది కాబట్టి ఆ పేరు. ఉక్కు పలకల మధ్య సిరామిక్ పొరలు పెట్టి చేస్తారు. ఆ మందం ట్యాంకు ఒంటినిండా ఉండదు. ఎదురు నిలిచే ముఖం వైపే ఎక్కువ, పక్కలకి తక్కువ, వెనకా పైనా ఇంకా తక్కువ. శత్రువు ఎదురుగా ఉంటాడన్న నమ్మకం మీద కట్టిన లెక్క అది. ఉక్రెయిన్ యుద్ధంలో చిన్న డ్రోన్లు నెత్తిన పడేసరికి ఆ లెక్క తప్పింది. ట్యాంకుల మీద ఇనుప ఊచల పంజరాలు మొలిచాయి. చూడటానికి అందంగా ఉండవు. కానీ నా కంటికి అందులో నిజాయితీ ఉంది. ఆ పంజరాన్ని చూడగానే ప్రమాదం ఎటునుంచి వస్తోందో చెప్పేయొచ్చు.

ఇక మన ఊహల్లోని రాక్షస యంత్రానికి వద్దాం. 1979లో జపాన్ టీవీలో వచ్చిన గండమ్ మరమనిషి ఎత్తు 18 మీటర్లు, ఒట్టి బరువు 43.4 టన్నులని దాన్ని సృష్టించినవాళ్ళు రాసుకున్నారు. అర్జున్ తొలి రకం బరువు 58.5 టన్నులు, ఎత్తు రెండున్నర మీటర్ల లోపే. అంటే ట్యాంకు కన్నా తేలికైన శరీరాన్ని ట్యాంకుకి ఏడెనిమిది రెట్లు ఎత్తుకి నిలబెట్టారు. అందుకే ఆ కథలో, లోకంలో లేని లోహాన్ని పుట్టించాల్సి వచ్చింది. యంత్రాన్ని అదే ఆకారంలో రెట్టింపు ఎత్తుకి పెంచితే బరువు ఎనిమిది రెట్లవుతుంది, అరికాలి వైశాల్యం నాలుగు రెట్లే. మైపాడు ఇసుకలో అలాంటి యంత్రాన్ని నిలబెడితే యుద్ధం మొదలుకాకముందే కాళ్ళు కూరుకుపోవచ్చు. బరువు తగ్గించుకోక తప్పని యంత్రం ప్రతి పలకకీ జవాబు చెప్పుకోవాలి.

మరి దెబ్బ ఎటునుంచి? మనిషంత శత్రువుకి ఆ యంత్రం ఛాతీ ఎక్కడో ఆకాశంలో ఉంటుంది. అతనికి ఎదురుగా ఉండేది పిక్క, మోకాలు. తలెత్తితే కనబడేది గజ్జలు, చంకలు, పలకల అడుగు అంచులు. మన పెంకుటిల్లు గుర్తు తెచ్చుకోండి. పై వరస పెంకు కింది వరస మీదికి వాలి ఉంటుంది, వాన పైనుంచి కురుస్తుంది గనక. వాన నేలలోంచి పైకి కొడితే ఆ ఇల్లంతా కారుతుంది. మన సినిమా మరమనుషులకి దాదాపు అందరమూ పెంకుటింటి వరసలోనే పలకలు పేరుస్తున్నాం. కిందనుంచి కాల్పులు వచ్చే యంత్రానికి నడుం కింది వరసలు తిరగబడాలి. కింది పలక అంచు పై పలక మీదికి రావాలి. ఈ ఒక్క మార్పుతో బొమ్మ రూపమే మారిపోతుంది, చూసేవాడికి కారణం తెలియకపోయినా నమ్మకం కుదురుతుంది.

2024లో వచ్చిన 'కల్కి 2898 ఏడీ'లో బుజ్జి అనే బండిని నేను అందుకే పదేపదే చూశాను. సినిమా కోసం దాన్ని నిజంగా కట్టారు. మహీంద్రా ఇంజనీర్లు, కోయంబత్తూరు జయం ఆటోమోటివ్స్ వాళ్ళు చేయి కలిపారు. దాదాపు ఆరు టన్నులు. ముందు రెండు పెద్ద చక్రాలు, వెనక బంతిలాంటి చక్రం. నేల మీద నడవాల్సిన బండి కాబట్టి చక్రం తిరిగే మేర ఖాళీ వదలక తప్పలేదు. అదే బుజ్జి తెర మీద లేచి నిలబడి మరమనిషైనప్పుడు ఆ ఖాళీల అవసరం ఎవరూ అడగరు. నాకు బండిగా ఉన్న బుజ్జే ఎక్కువ నచ్చింది. 

ఇప్పుడు నేను గీస్తున్నది సముద్రంలో దిగి నడిచే యంత్రం. దానికి నమూనా సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో తయారైన శరత్. సైనికుల్ని మోసే ఆ బండి నీళ్ళలో ఈదుతుంది. ఈదాలి కాబట్టి దాని కవచం పల్చన. నా యంత్రానికీ పల్చటి కవచమే పెట్టాను. కీలు కీలుకీ రబ్బరు తొడుగు. పలకల్లో నీళ్ళు నిలవకుండా కింది అంచున చిల్లులు. ఓడల అడుగున బిగించినట్టు జింకు దిమ్మలు. ఉప్పునీరు ముందు జింకుని తింటుంది, అది అయ్యేదాకా ఉక్కు జోలికి రాదు. పాత దిమ్మలు అరిగి గుంటలు పడి ఉంటాయి, నిన్న మార్చినది ఒక్కటే కొత్తగా ఉంటుంది. ఆ తేడా గీయడానికి రెండు రోజులు పట్టింది.

ఇంకొక్క బొమ్మ మిగిలింది. మా వైపు వెనామీ రొయ్యల గుంటల దగ్గర అమావాస్యకీ పున్నమికీ రైతుకి నిద్ర ఉండదు. అప్పుడే రొయ్య పాత పెంకు విడిచి, కొత్తది గట్టిపడేదాకా మెత్తగా ఉంటుంది. ఆ కాసేపట్లో పక్క రొయ్యే దాన్ని తినేయొచ్చు. నా యంత్రాన్ని అలా గీయాలని ఉంది. షెడ్డులో పలకలన్నీ విప్పేసి, వైర్లూ గొట్టాలూ బయటపడి, చుట్టూ మెకానిక్కులు తొందరపడుతున్నప్పుడు.

బొమ్మలు గీసే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఒక్క మాట. నెల్లూరు నుంచి మైపాడు పాతిక కిలోమీటర్ల లోపే. పొద్దు పొడవకముందే రండి, వలలు దులిపేచోట ఒక ఎండ్రకాయ కొనుక్కోండి. దాని కాలు మడిచి, చాచి, మళ్ళీ మడిచి చూడండి. పెన్సిల్ తర్వాత తీయండి.