మెడ బిగువుకు కాపడం: ఎంత వేడి, ఎంతసేపు?

మెడ పట్టేస్తే ఉప్పు మూటో ఇసుక మూటో వేడి చేసి కాపడం పెట్టడం మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్నదే. నెలల తరబడి వదలని నొప్పికి మాత్రం వేడి ఒక్కటే చాలదు. ఆయుర్వేదం స్వేదనం అని పిలిచే చికిత్స గొప్పతనమంతా ఆ వేడిని ఎవరికి, ఎలా, ఎంతవరకు ఇవ్వాలో చెప్పడంలోనే ఉంది. చరకసంహిత సూత్రస్థానంలో 14వ అధ్యాయం పూర్తిగా దీని గురించే. నిప్పుతో చేసే స్వేదాలే అందులో 13 రకాలు. బరువుగా, వాపుగా ఉన్నచోట నూనె తగలని ఇసుక కాపడం పెడతారు. ఎండినట్టు బిగుసుకుపోయి, తిప్పితే కలుక్కుమనే మెడకు ముందు నూనె పట్టించి ఆ తర్వాతే వేడి చూపిస్తారు. ఎండుకట్టె సైతం నూనెకూ సెగకూ వంగుతుందన్నది చరకుడి తర్కం.

మెడకు ఎక్కువగా చేసేది గ్రీవబస్తి. రోగిని బోర్లా పడుకోబెట్టి, గట్టిగా కలిపిన మినపపిండితో మెడ వెనుక గట్టు కడతారు. నూనె కారకుండా గట్టు అంచును తడివేలితో చర్మానికి అదిమి, వేడినీళ్ల గిన్నెలో ఉంచి వెచ్చబరిచిన మహానారాయణ తైలం లాంటిది అందులో పోస్తారు. చల్లారిన నూనెను దూదితో పిండి తీసి, మళ్లీ వెచ్చనిది నింపుతారు. ఇలా అరగంటసేపు వేడి ఒకే తీరున నిలుస్తుంది. పత్రపిండ స్వేదానికి వావిలి, ఆముదం, జిల్లేడు ఆకులను కొబ్బరి కోరు, నిమ్మముక్కలతో నూనెలో వేయించి మూట కడతారు. వేడితోపాటు మూట ఒత్తిడీ కండరానికి అందుతుంది. ఎప్పుడు ఆపాలన్నదానికి గడియారం కొలత కాదు. నొప్పి, బిగువు, బరువు తగ్గి, ఒళ్లు మెత్తబడి చెమట పట్టగానే ఆపమంటుంది శాస్త్రం. నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఈ నియమమే.

నూనె వెన్నుపూసల మధ్య డిస్కు దాకా ఇంకుతుందా అని అడిగేవారున్నారు. ఇంకదు, అరిగిన ఎముకను వేడి తిరిగి పెంచదు కూడా. కానీ దీర్ఘకాలపు మెడనొప్పిలో కండరాల బిగువు పాత్ర పెద్దది, వేడి పనిచేసేది అక్కడే. ఉపశమనం కొద్దికాలమే కదా అన్న అభ్యంతరంలో నిజముంది. వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ నుంచి నడుమునొప్పిపై 2006లో వచ్చిన సమీక్షలోనూ పైపై వేడితో కనిపించిన మేలు కొద్దిపాటిది, కొద్దికాలానిది. అదీ కొత్తగా మొదలైన నొప్పుల్లో. అందుకే ఆ కాస్త వెసులుబాటును పడుకుని గడిపేయకూడదు. కాసేపు విశ్రమించాక మెడను, భుజాలను మెల్లగా కదిలించే వ్యాయామాలు మొదలుపెట్టాలి, ఫోన్ మీదికి తల వంచే అలవాటు మార్చుకోవాలి. చెయ్యి తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా, జ్వరమున్నా, దెబ్బ తగిలినా కాపడం జోలికి పోకుండా డాక్టరుకు చూపించాలి. స్వేదనం తగనివారి జాబితాలో చరకుడు గర్భిణులను, మధుమేహ రోగులను చేర్చాడు. షుగరు ముదిరితే చర్మానికి స్పర్శ తగ్గుతుందని, కాలినా తెలియదని నేటి వైద్యానికీ తెలుసు. కాబట్టి షుగరున్నవారు వైద్యుణ్ని అడగనిదే ఇంట్లో ఉప్పు మూట కూడా పెట్టుకోకూడదు.