ఊరి లెక్కల్లోకి మళ్లీ

జైలు నుంచి చంటిబిడ్డతో బయటికొచ్చిన తల్లికి ముందుగా ఏం కావాలని ఎవరైనా అడిగితే నేను కుట్టుమిషను పేరు చెప్పను. డ్వాక్రా సంఘంలో ఆమె పేరు మీద ఎంత బాకీ పడిందో కనుక్కోండి అంటాను. వినడానికి మోటుగానే ఉంటుంది. కష్టంలో ఉన్న మనిషి దగ్గర అప్పు మాట ఎత్తుతారా అని ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నొచ్చుకుంటారు కూడా. మహిళా జైలుకూ పల్లెలకూ మధ్య తిరుగుతూ నేను నేర్చుకున్న పనంతా ఆ మోటు ప్రశ్న చుట్టూనే ఉంది.

పది మంది కలిస్తే ఒక గ్రూపు. బ్యాంకు లోను గ్రూపు పేరు మీద వస్తుంది, కిస్తీ గ్రూపంతా కలిసి కట్టాలి. ఒకామెను పోలీసులు తీసుకుపోతే ఆమె వంతు మిగతా తొమ్మిది మంది నెత్తిన పడుతుంది. మొదటి నెల అయ్యోపాపమంటూ సర్దుతారు. రెండో నెల గొణుగుతారు. ఆ తర్వాత ఆమె పేరెత్తితేనే కస్సుమంటారు. బయటినుంచి చూసి మనం ‘ఊరు వెలివేసింది’ అని రాసుకుంటాం. దగ్గర కూర్చుని వింటే వాళ్ల నోట ముందు వచ్చేది నేరం కాదు, కిస్తీ. దాని వెనకే మిగతావీ వస్తాయి: బదులు తీసుకున్న వడ్లు, తిరిగి పెట్టని చదివింపులు, ఆమె కోసం స్టేషన్ చుట్టూ తిరిగిన పెద్దమనిషికి అయిన ఖర్చు. ఊళ్లో బతకడమంటే ఇచ్చిపుచ్చుకోవడంలో ఉండటమే. అది ఎక్కడ ఆగిందో అక్కడ మళ్లీ మొదలుపెట్టకుండా ఎంత జాలి చూపించినా ఆమె సొంత ఊళ్లో చుట్టంగానే మిగిలిపోతుంది.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 డిసెంబరు 31 నాటికి దేశంలో 1,537 మంది మహిళా ఖైదీలు 1,764 మంది పిల్లలతో జైళ్లలో ఉన్నారు. ఆ తల్లుల్లో అత్యధికులు విచారణ ఖైదీలు, అంటే నేరం ఇంకా రుజువు కానివాళ్లు. ఈ పిల్లల విషయంలో దేశమంతా పాటించాల్సిన తీర్పు అప్పటి మన ఉమ్మడి రాష్ట్రం పేరుతోనే ఉంది. ఆర్.డి. ఉపాధ్యాయ్, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2006 ఏప్రిల్ 13న ఆ తీర్పు ఇచ్చింది. బిడ్డను ఖైదీగా చూడకూడదని, తిండి, బట్ట, వైద్యం, చదువు, ఆట బిడ్డకు హక్కుగా దక్కాలని అందులో ఉంది. ఆరేళ్లు నిండేదాకా బిడ్డ తల్లి దగ్గరే ఉండవచ్చు. కాన్పు వీలైనంతవరకు బయటి ఆసుపత్రిలోనే జరగాలి. ఒకవేళ జైల్లో జరిగినా పుట్టిన చోటు జైలు అని రాయకూడదు, ఆ ప్రాంతం పేరు మాత్రమే రాయాలి. బారసాల వంటి వేడుకకు వీలు కల్పించాలి.

ఆ పుట్టిన చోటు నిబంధన విలువ ఇప్పుడు ఇంకా పెరిగింది. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడం మొదలుకొని చాలా పనులకు జనన ధ్రువపత్రమే ఆధారం. ఆ కాగితం మీద పడిన ఒక్క మాట బిడ్డను జీవితాంతం వెంటాడగలదు. అందుకే తల్లి జైల్లో ఉండగానే ఆ కాగితం తెప్పించి, అక్షరం అక్షరం చదివి చూడటం నా పనిలో మొదటి మెట్టు.

తీర్పు చాలామటుకు గేటు లోపలి సంగతులు తేల్చింది. గేటు బయట దారి చూపేవాళ్లు తక్కువ. బెయిలు వచ్చినా జమానతు ఇచ్చేవాళ్లు లేక లోపలే ఉండిపోయే ఆడవాళ్లను చూస్తూనే ఉంటాం. బెయిలు మంజూరైన ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు ఆ సంగతి జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలియజేయాలని సుప్రీంకోర్టు 2023 జనవరిలో ఆదేశించింది. పేద విచారణ ఖైదీల పూచీకత్తుకు అప్పటి లెక్కన 40,000 రూపాయల వరకు ఇచ్చే కేంద్ర పథకమూ అదే ఏడాది వచ్చింది. తీరా అన్నీ కుదిరి, కాగితాలు కోర్టు నుంచి జైలుకు చేరేసరికి పొద్దుగూకుతుంది. చంకలో బిడ్డ, చేతిలో బట్టల కవరు. ఆ వేళప్పుడు ఊరి బస్సు ఎక్కడ దొరుకుతుందన్నది ఎవరి ఫైల్లోనూ ఉండదు. కనుక మేం ఊరికి వెళ్లి రావలసింది ఆమె విడుదలయ్యాక కాదు, అంతకన్నా ముందే.

అలా వెళ్లడానికి కొన్ని పద్ధతులు పెట్టుకున్నాను. జీపులో పోను, బస్సులోనే పోతాను. జీపు ఆగితే మళ్లీ పోలీసులొచ్చారనుకుని తలుపులు మూస్తారు. నేరుగా ఆమె ఇంటికి వెళ్లను. ముందు అంగన్‌వాడీకి, తర్వాత సంఘం లెక్కలు రాసే వీవోఏ దగ్గరికి, ఆఖరున ఇంటికి. కేసు సంగతి నాకై నేను ఎత్తను. వాళ్లు ఎత్తితే వింటాను, వాదించను. తప్పెవరిదో తేల్చడానికి కోర్టుంది. నేను వచ్చింది లెక్క తేల్చడానికి.

నల్గొండ వైపు ఒక ఊళ్లో జరిగిన సంఘం మీటింగు చెబుతాను. ఆమె ఇంకా లోపలే ఉంది, నాలుగేళ్ల కొడుకూ ఆమెతోనే ఉన్నాడు. చాప మీద గుండ్రంగా కూర్చున్న వాళ్లలో ఒకామె నన్ను చూడగానే అందుకుంది.

“పోలీసోళ్లు పట్కపోయిన్రు, సరే మేడం. మా పైసల సంగతేంది? మా పోరగాండ్ల నోటికాడిది తీసి కట్టినం.”

నేను ఓర్చుకోమనలేదు, మీరంతా ఆడవాళ్లే కదా అని నీతులూ చెప్పలేదు. ఎంత కట్టారో చెప్పమన్నాను. వీవోఏ పుస్తకం తీసింది. ఆమె వంతు కిస్తీలు, వడ్డీ కలిపి పదకొండు వేల చిల్లర తేలింది. అంతదాకా ఊళ్లో ఆ అంకె ఒక్కొక్కరి నోట ఒక్కో రకంగా ఉంది. ఇరవై వేలన్నవాళ్లు ఉన్నారు, ముప్పై అన్నవాళ్లూ ఉన్నారు. ఆమె పొదుపు ఎంతుందో చూడమని సంఘం లీడరే అంది. చూస్తే నాలుగు వేలకు పైగానే ఉంది. అది బాకీలో జమ వేసుకుంటే మిగిలింది ఏడు వేల లోపు. ఉపాధి హామీ పనికి పోయి నెల నెలా కొంత కడుతుందని ఆమె మాటగా నేను చెప్పాను. కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. చివరికి ముందు కస్సుమన్నామే, “ఏడికి పోతదిలే, నా పక్కింటామెనే గదా” అంది. మరుసటి వారం తీర్మానం రాసి సంతకాలు పెట్టారు.

బిడ్డ సంగతి వేరు. లోపల పెరిగిన పిల్లలు రోడ్డు మీద పశువుల్ని చూసినా జడుసుకుంటారని ఆ 2006 తీర్పులోనే ఉంది. తల్లి విడుదలై ఊరికొచ్చాక ఆ నాలుగేళ్లవాడూ అంతే. ఇంటి ముందు కట్టేసిన బర్రె తల తిప్పితే చాలు, తల్లి కొంగులో దూరేవాడు. రాత్రి లైటు తీస్తే ఏడుపు. బ్యారక్‌లో లైట్లు తెల్లవార్లూ వెలుగుతూనే ఉంటాయి, వాడికి చీకట్లో పడుకోవడం తెలియదు. నాయనమ్మ ముందు మంచం బయట వేసింది. కొన్నాళ్లు వెన్నెల్లో పడుకోబెట్టి, ఆ తర్వాత లోపలికి మార్చింది. “భయపడకు రా అంటే పోతదా భయం? చీకటి కొద్దికొద్దిగ అలవాటు గావాలె” అంది. నేనైతే కౌన్సెలింగ్‌కు రాసిపంపేదాన్ని. అంగన్‌వాడీ టీచరుకు ఆ పిల్లవాడికి ఏది భయమో చెప్పాం, అంతకుమించి చెప్పలేదు. తోటి పిల్లల పక్కన కూర్చుని గుడ్డు తినడానికి వాడి గతం ఎవరికీ అక్కర్లేదు.

ఆరేళ్లు నిండి అప్పటికే బయటికొచ్చేసిన పెద్దపిల్లల విషయంలో ఇంకా ఓపిక కావాలి. అమ్మమ్మ దగ్గరో హాస్టల్లోనో పెరుగుతున్న కూతురు తల్లి పిలిస్తే రాదు. నా బిడ్డను నాకివ్వండని తల్లి ఏడుస్తుంది. వెంటనే లాక్కోవద్దని చెబుతాం. పడక అమ్మమ్మ దగ్గరే ఉండనిచ్చి, పొద్దున జడ వేయడం మాత్రం తల్లి అందుకోవాలి. తర్వాత బడికి దిగబెట్టడం, ఆ తర్వాత అన్నం పెట్టడం. ఒక్కో పని చేతులు మారుతుంటే చనువు దానంతటదే వస్తుంది. భర్త లేని, లేదా భర్త వదిలేసిన తల్లుల పిల్లలకు మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దరఖాస్తు పెట్టించడం కూడా మా పనే. అయితే ఆ డబ్బు వచ్చే ముందు ఆమె బాకీ కట్టడం మొదలుపెట్టి ఉండాలన్నది నా పట్టుదల. లేదంటే ‘జైలుకు పోయొచ్చినామెకు సర్కారు పైసలు, మాకేమో కిస్తీలు’ అన్న మాట పుడుతుంది. అది పుట్టాక ఆపడం ఎవరి తరమూ కాదు.

అందరూ ఊరికే పోవాలనీ లేదు. ఇంట్లో కొట్టి చంపే మనిషి ఉంటే అక్కడికి పంపడం పునరావాసం కాదు, పాతబాధకే మళ్లీ అప్పజెప్పడం. అలాంటివాళ్లకు అప్పటికప్పుడు సఖి కేంద్రం, ఎక్కువకాలం ఉండాలంటే శక్తి సదన్ ఉన్నాయి. అక్కడినుంచి పట్నంలో అద్దె గది చూసుకున్నా, పని మాత్రం అదే. పక్కవాళ్లతో కొత్తగా ఇచ్చిపుచ్చుకోవడం మొదలవ్వాలి, కిరాణా కొట్టు ఖాతాలో ఆమె పేరు పడాలి.

జైళ్లలో ఇచ్చే శిక్షణను నేను తీసిపారేయడం లేదు. చంచల్‌గూడ మహిళా జైల్లో నేర్చుకున్న పని బయట తిండి పెట్టిన ఆడవాళ్లు ఉన్నారు. నా ఫిర్యాదల్లా ఒకటే. లోపల ఆమెకు ఏం నేర్పామో రాసే రిజిస్టరుంది గానీ, బయట ఆమె స్థానం ఏమైందో చూసి రావడం ఎవరి ఉద్యోగమూ కాదు. మండలానికొక పారాలీగల్ వాలంటీరుకూ ఊరి గ్రామ సంఘానికీ విడుదలకు ముందే కబురు అందే ఏర్పాటు చేస్తే చాలు. దానికి పెద్ద పథకమేమీ అక్కర్లేదు, ఒక ఫోను, బస్సు చార్జీలు సరిపోతాయి.

ఆ నల్గొండ ఊరికి తర్వాత పోయినప్పుడు మీటింగులో ఒకామె కిస్తీ తేలేదు. వచ్చేవారం ఇస్తానని నసుగుతోంది. “వచ్చేవారం అంటే బ్యాంకోడు ఊకుంటడా? అందరం తెచ్చినం, నీకేమొచ్చింది?” అని గట్టిగా గదమాయించిన గొంతు ఎవరిదా అని చూశాను. జైలు నుంచొచ్చిన ఆమెదే. ఎవరూ వింతగా చూడలేదు, నీకా మాట అనే హక్కెక్కడిదని అడగలేదు. కిస్తీ తేనామె తల దించుకుని రేపే ఇస్తానంది. ఆ ఊళ్లో నాకిక పని లేదని అప్పుడు తెలిసింది.