పదములు సేకరించు విద్య
విజయవాడ వన్ టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ చుట్టునున్న సందులందు మూటలు మోయువారును, తూకము వేయువారును, బేరమాడువారును దినమెల్ల పలుకు మాటల విలువ భాషాశాస్త్ర విద్యార్థి ఎఱిగినట్లు అన్యులెఱుగరు. ఏలయన, శ్రద్ధగా వినుటయే అతని వృత్తి. భద్రిరాజు కృష్ణమూర్తిగారు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున ఈ శాస్త్రమభ్యసించి వచ్చి, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షమున మాండలిక వృత్తిపదకోశమునకు సంపాదకులై, 1962లో వ్యవసాయ సంపుటమును, 1971లో చేనేత సంపుటమును వెలువరించిరి. నాగలికి మేడి మొదలు కఱ్ఱు వరకు, మగ్గమునకు పలక మొదలు నాడె వరకు, ఏ సీమవారు ఏ పేరు పెట్టుకొనిరో పనివారినే అడిగి, పలికినది పలికినట్లు వ్రాసికొనుట ఆ విద్యకు ప్రాణము. పట్టభద్రుడు నిరక్షరాస్యుని యెదుట శిష్యుడై కూర్చుండు ఇంతటి వినయము నాకు మఱి యే శాస్త్రమునందును కానరాలేదు.

ఉస్మానియాలోను, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయమునను, కుప్పమునందలి ద్రావిడ విశ్వవిద్యాలయమునను ఈ శాస్త్రమును బోధింతురు. నేర్చినవారు అధ్యాపకులు, నిఘంటుకారులు, అనువాదకులు అగుచున్నారు; కంప్యూటరుకు తెలుగు నేర్పు సంస్థలును వీరిని పిలుచుచున్నవి. మంచిదే. కాని కృష్ణా డెల్టాలో వరికోత యంత్రములు వచ్చిన పిదప, కుప్పనూర్పుల నాటి మాటలు వృద్ధుల నోళ్లయందే మిగిలినవి గనుక, ఈ శాస్త్రము నేర్చినవారిలో కొందఱైనను పుస్తకము చేతబట్టి ముందుగా ఆ కళ్లములకు పోవలెనని నా కోరిక.